అమ్మకి చూపించిన ఉల్లివేరు

పోయిన నెలలో మా తమ్ముణ్ణి నరాల డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్ళాను. బందరు రోడ్డు పక్క వీధిలో, మేడ మీద ఉంది ఆసుపత్రి. మెట్ల దగ్గర రత్నం ఆగిపోయాడు. నిన్నమొన్నటి దాకా మా అపార్ట్‌మెంట్ మెట్లు దడదడా దిగి, కింద కొట్లో పాల ప్యాకెట్లు తెచ్చి, "చల్లగుంది చూడక్కా" అంటూ నా బుగ్గకి ఆనించి నవ్వినవాడు, ఇప్పుడు మొదటి మెట్టు ముందు కాలెత్తి, అది మెట్టో గొయ్యో తేల్చుకోలేక నా చెయ్యి నలిపేస్తున్నాడు. వెనకాల ఎవరో "కొంచెం జరగండమ్మా" అన్నారు. ఎక్కడికి జరగను? వాణ్ణి గోడ వైపు తిప్పి, నడుం పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కించాను. పైకి చేరేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి.

రత్నానికి యాభై ఐదు దాటాయి. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్. ఆ పేరు మా ఊళ్ళో ఎవరికీ తెలియని రోజుల్లో పుట్టాడు కాబట్టి వాడికి వేరే పేర్లు చాలా ఉండేవి. మర్యాదస్తులు "అమాయకుడు" అనేవాళ్ళు. మిగతావాళ్ళ మాటలు ఇక్కడ రాయను. డాక్టరు చిన్నపిల్ల. రత్నానికి దువ్వెన చూపించి ఇదేంటని అడిగింది. వాడు చాలాసేపు చూసి తల గోక్కున్నాడు. గడియారం చూపించింది. నవ్వాడు. తెలియని ప్రశ్నకి నవ్వడం వాడికి మొదట్నించీ అలవాటు. చివరికి నా వైపు చెయ్యి చూపించి "ఈవిడెవరు?" అంది. "మా అక్క!" అన్నాడు, ఇంత తేలిక ప్రశ్న అడుగుతావేంటన్నట్టు. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశారా, నన్ను గుర్తుపడుతున్నాడు" అన్నాను గొప్పగా. "ఇప్పుడు పడుతున్నారు మేడమ్" అంది ఆ అమ్మాయి. 'ఇప్పుడు' అన్న మాటని మెత్తగా అనాలని పాపం ప్రయత్నించింది గానీ, అది మెత్తబడే మాట కాదు.

తర్వాత మందుల కాగితం వెనక్కి తిప్పి బొమ్మ గీసింది. మనందరిలో క్రోమోజోములు జంటలు జంటలుగా ఉంటాయనీ, ఈయనలో ఇరవై ఒకటో జంట దగ్గర రెండుకి బదులు మూడున్నాయనీ చెప్పింది. మెదడులో పేరుకుని జ్ఞాపకాన్ని తినేసే ఒక ప్రోటీను ఉంటుందనీ, దాన్ని తయారుచేసే జీన్ సరిగ్గా ఆ ఇరవై ఒకటో దాని మీదే ఉందనీ, అందుకే ఇలాంటి వాళ్ళలో మతిమరుపు మనకన్నా ముందే వస్తుందనీ చెప్పింది. నేను ముప్ఫయ్యేళ్ళు డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్పినదాన్ని. ఇదే బొమ్మ రంగు సుద్దలతో బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో. ఆ సంగతి చెప్పకుండా బుద్ధిగా విన్నాను. తెలిసిన కథే వేరేవాళ్ళు చెబుతుంటే, ఈసారి చివర మారుతుందేమోనని ఒక పిచ్చి ఆశ. మందులు వాడి చూద్దాం, నెమ్మదిస్తుందేమో గానీ ఆగదు అంది. మేం లేస్తుంటే, "ఇది ఎవరి తప్పూ కాదు మేడమ్, మీరు మనసులో పెట్టుకోకండి" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు. సరిగ్గా ఆ మాటే, పందొమ్మిదేళ్ళ వయసులో, మా వసారాలో నిలబడి నేను మా అమ్మతో అన్నాను. అప్పుడు అమ్మ నా వైపు ఎందుకలా చూసిందో నాకు ఇన్నేళ్ళకి ఆ డాక్టరు గదిలో తెలిసింది.

మా ఊరు చల్లపల్లికి కూతవేటు దూరం. మా ఇంట్లో పొద్దు నాయనమ్మ తుమ్ముతో మొదలయ్యేది. ఆవిడ లేస్తూనే ముక్కుపొడుం పట్టేది. ఆ తుమ్ముకి గేదెలు లేచి నిలబడేవి. పెరట్లో దాలిగుంటలో పిడకలు రాజేసి పాలకుండ పెట్టడం ఆవిడ పని. అందులో ఇంకెవర్నీ వేలు పెట్టనిచ్చేది కాదు. మధ్యాహ్నానికి మీగడ ఎర్రగా అట్ట కట్టి, కాగిన పాల వాసన, పిడక పొగ వాసన కలిసి ఇల్లంతా పట్టుకునేవి. లంకల్లో పసుపు ఉడికించే రోజుల్లో నాన్న పంచెల నుంచి మా పుస్తకాల దాకా అన్నీ పసుపు వాసనే. నాన్నకి పొలం, ఎడ్లు, చుట్ట. ఇంట్లో ఆడవాళ్ళ మాటల్లోకి వచ్చేవాడు కాదు. అన్నం ముందు కూర్చుని "ఉప్పు" అంటే, ఎక్కువైందో తక్కువైందో మేమే అర్థం చేసుకోవాలి. అమ్మ మాత్రం మొహం చూసి కనిపెట్టేది.

పొద్దెక్కాక నాయనమ్మ రత్నాన్ని ముందేసుకుని కూర్చునేది. వాడికి నాలుగేళ్ళు వచ్చినా నడక రాలేదు. ఎముకలు లేనట్టు ఎటు వంచితే అటు వంగేవాడు. వాణ్ణి ఎండలో నులకమంచం మీద బోర్లా వేసి, వెచ్చని ఆముదంతో తొడలూ పిక్కలూ పిసికి పిసికి, చెమటలు కారుతున్నా వదిలేది కాదు. వాడి చంకల కింద నుంచి పాత పంచె కట్టి, ఆ కొసలు పట్టుకుని, వసారా ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించేది. వాడు నడిచాడంటే అది ఆవిడ చేతుల పుణ్యమే. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత చెప్పబోయేది విని ఆవిణ్ణి రాక్షసి అనుకుంటారేమోనని. ఆ పిక్కలు పిసికేటప్పుడే, రోజూ, "ఆ రోజు ఆ పండు చీల్చకుండా ఉంటే నా తండ్రికి ఈ ఖర్మ పట్టేది కాదు" అనేది. కోపంగా కాదు. "ఇయ్యాల మబ్బుగా ఉంది" అన్నట్టు, మామూలుగా. వంటింట్లో అమ్మ పచ్చడి నూరే చట్రాయి చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలయ్యేది.

ఆ పండు కథ నేను ఎన్నిసార్లు విన్నానంటే, ఇప్పుడది నాకు గుర్తున్నదో విన్నదో చెప్పలేను. సూర్యగ్రహణం. అమ్మకి రత్నం కడుపులో మూడో నెల. కుండల మీద దర్భలు వేశారు. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి నాయనమ్మ రోకలి నిలబెట్టింది. గ్రహణం ఉన్నంతసేపూ అది పడకుండా నిలబడుతుందని మావాళ్ళ నమ్మకం. కడుపుతో ఉన్న మనిషి గదిలో కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. కొయ్యకూడదు, కుట్టకూడదు, తుంచకూడదు, కాళ్ళు ముడవకూడదు. అమ్మ అలాగే పడుకుంది. నేను ఆకలని రాగం మొదలుపెట్టాను. ఆ గదిలో అరటిగెల వేలాడుతోంది. అమ్మ చెయ్యి చాపితే అందినవి రెండు పళ్ళు ఒకే తొక్కలో అతుక్కుపోయిన జంట పండు. జంట పండు ఆడపిల్ల తింటే రేపు కవలలు పుడతారని భయం. నన్ను ఆ భయం నుంచి తప్పించడానికి అమ్మ దాన్ని గోళ్ళతో మధ్యకి చీల్చి, ఒక సగం నా చేతిలో పెట్టింది. అప్పుడే నాయనమ్మ తలుపు సందులోంచి చూసింది. మా ఇంట్లో రత్నం అలా పుట్టడానికి కారణం అదీ. రెండో ఆలోచన ఎవరూ చెయ్యలేదు. "కత్తి ముట్టుకోలేదు అత్తయ్యా" అని అమ్మ ఒకే ఒక్కసారి అన్నదట. "గోళ్ళు మాత్రం కత్తులు గావంటే?" అన్నది నాయనమ్మ.

అప్పట్నించీ ఏ గ్రహణం వచ్చినా అమ్మ ముందురోజు సాయంత్రం నుంచే పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. గ్రహణం పట్టే ముందు పట్టు స్నానం చేసి, తడిచీరతో వసారాలో నిలబడేది. కూర్చునేది కాదు. గ్రహణం విడిచి, విడుపు స్నానం అయ్యేదాకా అంతే. రత్నం చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగేవాడు, "కూకో అమ్మా, కూకో" అని. అమ్మకి కాళ్ళు వాచేవి. ఎవరూ నిలబడమని చెప్పలేదు, నాయనమ్మ కూడా. ఆ శిక్ష అమ్మ సొంతంగా వేసుకున్నది. కదలకుండా పడుకోవలసినప్పుడు చెయ్యి చాపింది కాబట్టి, ఇప్పుడు కదలకుండా నిలబడాలి. అమ్మ లెక్క అది.

నన్ను డిగ్రీకి విజయవాడ పంపించారు. ఆడపిల్లల హాస్టల్లో ఉండి, సెలవులకి కరకట్ట మీద బస్సులో వచ్చేదాన్ని. మా బోటనీ మేడమ్ గంజిపెట్టిన చీర కట్టుకుని, పొద్దున్నే లాబ్‌కి వచ్చి, నీళ్ళ సీసాల మూతుల మీద కూర్చోబెట్టిన ఉల్లిపాయలకి వచ్చిన తెల్లటి వేళ్ళ కొసలు బ్లేడుతో కోయించేది. కొస కొంచెమే కావాలి, గోరు చివరంత. వేరు పెరిగేది అక్కడే. వాటిని స్పిరిట్లో, ఆసిడ్లో ఊరబెట్టి, ఎర్రరంగు పట్టించి, గాజుపలక మీద పెట్టి పైన సన్నటి అద్దం వేసి బొటనవేలితో అదమాలి. అదిమేటప్పుడు వేలు జరిగిందా, అంతా చెడిపోయినట్టే. నాకు చెయ్యి కుదరడానికి నెలలు పట్టింది. కుదిరిన రోజు మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూస్తే, ఒక కణం మధ్యలో ఎర్రటి దారప్పోగుల్లాంటివి రెండు గుంపులుగా విడిపోయి, చెరో గోడ వైపూ పోతున్నాయి. ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను.

మేడమ్ చెప్పిన పాఠం నాకు ఇప్పటికీ ఆవిడ గొంతులోనే గుర్తుంది. కణం రెండుగా చీలే ముందు, తన దగ్గరున్న ప్రతి క్రోమోజోముకీ ఇంకో నకలు తీసుకుంటుంది. అసలూ నకలూ నడుం దగ్గర అతుక్కుని ఉంటాయి. అన్నీ వచ్చి కణం నడిమధ్యలో వరసగా నిలబడతాయి. కణానికి రెండు కొసల నుంచీ సన్నటి పోగులు వచ్చి, ఒక్కో జతనీ అటొకటీ ఇటొకటీ పట్టుకుంటాయి. అప్పుడే లాగెయ్యవు. ఒక్క క్రోమోజోముకి ఒక్క వైపు పోగు తగలకపోయినా కణం మొత్తం దానికోసం ఆగుతుంది. అందరూ ఎక్కారా అని చూసుకున్నాకే బయల్దేరుతుంది. అన్నిటికీ పోగులు తగిలాక, అతుకులు ఒక్కసారిగా తెగిపోతాయి. సగం ఇటు, సగం అటు. "మీరిక్కడ కూర్చుని నా మొహం చూస్తున్నంతసేపట్లో మీ ఒంట్లో ఇది లెక్కలేనన్ని సార్లు జరిగిపోతోంది, ఎవరూ చెయ్యక్కర్లేదు" అనేది మేడమ్. తర్వాత ఒకరోజు, అండం తయారయ్యేటప్పుడు ఎప్పుడైనా ఒక జంట విడిపోకుండా రెండూ ఒకవైపే పోతాయనీ, అప్పుడు పుట్టే బిడ్డకి ఒకటి ఎక్కువొస్తుందనీ చెప్పి, పుస్తకంలో పేజీ తియ్యమంది. ఆ పేజీలో ఎవరో తెల్లవాళ్ళ పిల్లాడి ఫొటో ఉంది. చిన్న కళ్ళు, చదును ముక్కు, కొంచెం బయటికున్న నాలుక. అది మా రత్నం.

ఆ క్షణం నాకు కలిగింది దుఃఖం కాదు, పట్టరాని సంతోషం. పండు కాదు. గ్రహణం కాదు. అమ్మ కాదు. ఎక్కడో దేశం కాని దేశంలో, అరటిపండు జంటల సంగతి తెలియని తల్లికి కూడా ఇలాంటి బిడ్డే పుట్టాడు. పరీక్షలో ఫస్టు వచ్చినా అంత సంబరపడి ఉండను. దసరా సెలవులకి మేడమ్‌ని బతిమాలి, లాబ్‌లో మూలపడి ఉన్న పాత మైక్రోస్కోపు అడిగి తీసుకున్నాను. దాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు "ఏందమ్మాయ్, హార్మోనియమా? ఒక పద్యం అందుకోకూడదా" అని ఊరొచ్చేదాకా ఆటపట్టించాడు.

ఇంటికెళ్ళిన రోజే వసారా గట్టు మీద మందు సీసాల్లో నీళ్ళు పోసి ఉల్లిపాయలు కూర్చోబెట్టాను. నాయనమ్మ చూసి, "ఒరే రత్నం, మీ అక్క చదువు చూడరా, ఉల్లిగడ్డలకి తానం చేయిస్తంది" అంది. రత్నం పగలబడి నవ్వాడు. వాడికి అవి భలే నచ్చాయి. రోజూ వెళ్ళి వేళ్ళు ఎంత పొడుగొచ్చాయో చూసొచ్చి నాకు చెయ్యి చాపి చూపించేవాడు, మూర పొడుగు. వేళ్ళు కోసిన రోజు ఇల్లంతా ఆసిడ్ వాసన. "పచ్చడి చెడిందేంటే?" అని అమ్మ ఉట్టి మీద జాడీలన్నీ దించి వాసన చూసుకుంది. నేను కుంపటి నిప్పుల మీద రంగు వెచ్చచేసి, వేలు జరగకుండా అదిమి, వసారాలో ఎండ పడేచోట మైక్రోస్కోపు పెట్టి, అద్దం తిప్పి వెలుతురు కుదిర్చి అమ్మని పిలిచాను. అమ్మ పిండి చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చింది.

"ఒక కన్ను ముయ్యి అమ్మా. కనపడుతోందా?"

"ఎర్రగా ఏందో... పురుగులా?"

"పురుగులు కాదు. అవే క్రోమోజోములు. చూడు, రెండు జట్లుగా విడిపోతున్నాయి."

అమ్మ చాలాసేపు చూసింది. "కదలవేందే?"

"కదలవమ్మా. కోసి ఆసిడ్లో వేశాం గదా, అప్పుడే చచ్చిపోయినయ్. ఎక్కడివక్కడ ఆగిపోయినయ్."

"అయితే విడిపోతుండగా ఎవరూ చూళ్ళేరన్నమాట" అంది.

నేను చెప్పాలనుకున్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అండంలో ఒక జంట విడిపోకుండా ఉండిపోయిందని. అందుకే రత్నం ఇలా పుట్టాడని. అది పండు వల్ల కాదు, గ్రహణం వల్ల కాదు అని. గ్రహణం నాటికి వాడు మూడో నెల, ఇది వాడు కడుపులో పడకముందే జరిగిపోయిందని. "ఇందులో ఎవరి తప్పూ లేదమ్మా" అన్నాను. చప్పట్లు కొడతారని ఎదురుచూసేవాళ్ళలా నిలబడ్డాను. అమ్మ కన్ను ఇంకా అద్దానికే ఆనించి ఉంది.

"ఆ అండం ఎవరిది? నాదేగా?"

"నీదే. కానీ..."

"నా ఒంట్లోనే గదా విడిపోనిది?"

"అదెప్పుడో మొదలవుద్దమ్మా. ఆడపిల్ల పుట్టకముందే, తల్లి కడుపులో ఉన్నప్పుడే, దాని అండాలన్నీ తయారై సగంలో ఆగిపోతయ్. మళ్ళీ పెద్దయ్యాకే..."

అమ్మ తలెత్తింది. "అంటే నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పుడా?"

"అప్పుడే మొదలైద్ది అంటున్నా."

"చచ్చి ఏ లోకానుందో, మా అమ్మని గూడా లాక్కొచ్చావా ఇందులోకి" అంది అమ్మ. గట్టిగా కూడా అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాయనమ్మ మంచం మీంచి అంతా వింటూనే ఉంది. పొడుం చిటికె ముక్కు దాకా తీసుకెళ్ళి, పీల్చకుండా కిందకి దించేసింది. ఆ రోజు నుంచి ఆవిడ రత్నం కాళ్ళు పిసికేటప్పుడు పండు మాట ఎత్తలేదు. ఎందుకు మానేసిందో తెలియదు. నా మాట నమ్మి కాదని మాత్రం తెలుసు.

నేను గెలిచాననే అనుకున్నాను. ఆ తర్వాత వచ్చిన గ్రహణానికి నేను ఇంట్లోనే ఉన్నాను. పొద్దున లేచి చూద్దును కదా, అమ్మ తడిచీరతో వసారాలో నిలబడి ఉంది. నాకు కోపం ముంచుకొచ్చింది. నాకు కోపం ఎక్కువ, ఇప్పటికీ తగ్గలేదు. "అన్నీ చూపించాను గదమ్మా, నమ్మవా?" అని అరిచాను. అమ్మ రత్నం తల నిమురుతూ, "నమ్మకేం, నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటది" అంది. మరి ఎందుకు నిలబడ్డావంటే, "నువ్వు చెప్పినదాంట్లో నేను చెయ్యడానికేముందే? ఇదైతే ఒక పూట కడుపు మాడ్చుకుని నిలబడొచ్చు" అంది. నాకు ఆ రోజు అది మూర్ఖత్వంలా వినిపించింది. నా పాటికి నేను ఇంట్లోకెళ్ళి, దర్భ తీసి పారేసి, కుండలో అన్నం పెట్టుకుని తిన్నాను, అందరూ చూసేలా.

తర్వాత చదువు చెప్పే రోజుల్లో, జంట ఎందుకు విడిపోదన్న సంగతి ఇంకా వివరంగా చదివాను. అండంలో జంటల్ని అతికించి పట్టి ఉంచే జిగురులాంటిది ఒకటి ఉంటుంది, అది ఆడపిల్ల పుట్టకముందు ఒక్కసారి పూస్తే అంతే, మళ్ళీ కొత్తగా పూసుకోవడం దాదాపు ఉండదట. అలా ఏళ్ళకేళ్ళు ఆగి ఉన్న జంటలు, ఒకనాడు విడిపోయే వేళకి పాత జిగురుతో, తికమకగా పోగుల్ని అందుకుంటాయి. మిగతా కణాలు ఆగి ఆగి సరిచూసుకున్నంత గట్టిగా అండం చూసుకోదట. చిన్న వయసు తల్లుల్లోనూ తప్పుతుంది, పెద్ద వయసు వాళ్ళలో ఎక్కువగా తప్పుతుంది. ఫలానా అండంలో ఎందుకు తప్పిందని అడిగితే మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు. క్లాసులో ఏ పిల్లో లేచి "మరి ఆపలేమా మేడమ్?" అని అడిగేది. "లేం" అని చెప్పి తర్వాతి బొమ్మకి వెళ్ళిపోయేదాన్ని. పరీక్షకి అంత చాలు.

నాయనమ్మ పోయింది, నాన్న పోయాడు. అమ్మ చివరి రోజుల్లో మంచం మీద నుంచి కూడా రత్నం అన్నం తిన్నాడా లేదా అన్నదొక్కటే అడిగేది. వాణ్ణి ఏం చేస్తావని నన్ను ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడమే పెద్ద బరువు. నేను పెళ్ళి చేసుకోలేదు. అందుకు రత్నం కారణం కాదు, ఎవరైనా అంటే పోట్లాడతాను. అమ్మ పోయాక వాణ్ణి విజయవాడ తెచ్చుకున్నాను. పల్లెటూరి మనిషి, అపార్ట్‌మెంట్లో ఎలా ఉంటాడో అని భయపడ్డాను. నెల తిరక్కుండానే మా బిల్డింగులో నాకన్నా వాడికే ఎక్కువమంది తెలుసు. వాచ్‌మన్ దగ్గర కూర్చుని గేటు తీసి వేసేవాడు. లిఫ్టులో ఎక్కినవాళ్ళకి వాళ్ళ అంతస్తు బటను వాడే నొక్కేవాడు, ఎవరిది ఏ అంతస్తో ఒక్కసారి చూస్తే చాలు.

ఇప్పుడు ఆ బటన్ల ముందు నిలబడి నా మొహం చూస్తున్నాడు. ఒక్కోటీ అలా పోతోంది. ముందు బటన్లు పోయాయి, తర్వాత చొక్కా గుండీలు, తర్వాత బాత్రూము ఎటుందో. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోతాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో వాడి జబ్బుకి పేరు లేదు, మందు లేదు, డాక్టరు లేడు. కానీ పొద్దెక్కితే నాయనమ్మకి ఆముదం గిన్నె ఉంది, అమ్మకి ఉపవాసం ఉంది. ఇద్దరూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు. ఇప్పుడు నా దగ్గర పేరుంది, స్కాను ఉంది, పొద్దునొకటి రాత్రొకటి మాత్రలున్నాయి, జరుగుతున్నదేంటో కణం దాకా తెలుసు. తెలిసి కూర్చుని చూడ్డం తప్ప చేసేదేం లేదు. ఇంత చేతకానిదాన్ని నేనెప్పుడూ కాలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. డాక్టరు దగ్గర్నుంచి వచ్చినప్పట్నించీ నేను కారణాలు వెతుకుతున్నాను. ఊరి నుంచి కదిలించి తప్పు చేశానా? బాత్రూములో జారిపడ్డ రోజు వెంటనే చూపించి ఉంటే? థైరాయిడ్ మాత్ర మధ్యలో కొన్నాళ్ళు మానేశాం, అందువల్లా? ఒంటరిగా వదిలి పెళ్ళిళ్ళకి వెళ్ళాను, బెంగపెట్టుకున్నాడా? ఇవేవీ కావని నాకు తెలుసు. విడిపోని ఆ ఒక్క జంటే ఇన్నేళ్ళ తర్వాత ఇలా వచ్చిందని తెలుసు. అయినా కూర గిన్నె కలుపుతూ, బట్టలు ఆరేస్తూ, నేను చేసిన తప్పొకటి దొరికితే బాగుండునని వెతుక్కుంటున్నాను. తప్పు దొరికితే దాన్ని పట్టుకుని ఏదో ఒకటి చెయ్యొచ్చు. అమ్మ నాకు చెప్పింది ఇదే. పందొమ్మిదేళ్ళ పిల్లకి అది ఎలా ఎక్కుతుంది?

నిన్న మధ్యాహ్నం ఏలూరు రోడ్డులో మందులు కొనుక్కుని, ఎండలో పడి ఇంటికొచ్చాను. పనమ్మాయి రత్నానికి అన్నం పెట్టి, నేను రాగానే వెళ్ళిపోయింది. వాడు హాల్లో సోఫాలో కూర్చుని ఉన్నాడు, తల దువ్వి, చొక్కా శుభ్రంగా ఉంది. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఇంటికెవరైనా వస్తే లేచి నిలబడి, గారూ అండీ అని మాట్లాడాలని చిన్నప్పుడు అమ్మ వాడికి ఎంతో ఓపికగా నేర్పింది. ఎవర్నీ పట్టుకుని "నువ్వు" అనకూడదని. నన్నొక్కదాన్నే "ఒసే అక్కా" అనేవాడు.

"రండి, రండి" అన్నాడు. చేత్తో సోఫా తుడిచాడు. "కూర్చోండి. ఎండన పడొచ్చారు."

నేను చేతిలో మందుల సంచితో గుమ్మంలోనే ఉండిపోయాను. "రత్నం, నేనురా" అన్నాను.

వాడు నవ్వాడు. తెలియని ప్రశ్నకి నవ్వే నవ్వు.

"మా అక్క బయటికెళ్ళిందండి. ఇప్పుడే వచ్చిద్ది" అన్నాడు. "వచ్చిందాకా కూర్చోండి."

"సరేనండీ" అని కూర్చున్నాను.